చక్రం, గొట్టం, డోలు దెబ్బ: మూడు పౌండ్ల ఫిరంగి నమూనాతో ఒక ఏడాది

నల్లగొండలో మేము తొమ్మిది మందిమి కలిసి, 18వ శతాబ్ది చివరినాటి, మూడు పౌండ్ల బరువు గుండు వేసే మైదానపు ఫిరంగికి పూర్తి పరిమాణంలో, పేలని నమూనా ఒకటి తయారుచేసి, ఏడాదిలో ఎనిమిది సార్లు జనం ముందు ప్రదర్శించాము. ఇటువంటి పని తలపెట్టేవారు మా కొలతలను అలాగే తీసుకోవచ్చు. పగిలిన దుంగ, కుండలోనే బిగుసుకుపోయిన రెసిన్, చక్రానికి ఎక్కని పట్టా వంటి నష్టాలను తప్పించుకోవచ్చు. ఖర్చు రూపాయల్లో రాశాను. ఒక మనిషి ఒక గంట చేసిన పనిని ఒక పనిగంటగా లెక్కించాను.

దశ 1: నిర్ణయాలు (జూన్, జూలై)

మొదట తేల్చుకున్నది మందుగుండు వాడకూడదని. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధం తయారుచేయడమే కాదు, ఉత్తుత్తి ఆయుధాన్ని నిజంగా పేలే ఆయుధంగా మార్చడం కూడా నేరమే. మందు తయారీ, నిల్వ, రవాణాలకు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద వచ్చిన 2008 నియమాలు వర్తిస్తాయి. అందువల్ల మా నమూనా ఏ విధంగానూ పేలడానికి వీలులేనిదిగా ఉండాలని, ఆ సంగతి చూడగానే ఎవరికైనా నిరూపించగలగాలని ముందే రాసుకున్నాము. వత్తి తాకించే రంధ్రం పైనుంచి 12 మి.మీ. లోతు వరకే ఉంటుంది. అది గొట్టంలోకి దిగదు. గొట్టం కూడా లోహంతో చేసినది కాదు. ప్రతి ప్రదర్శనకు ముందు ఈ రెండు విషయాలను ఫొటోలతో సహా స్థానిక పోలీసు స్టేషనుకు రాసి ఇచ్చాము.

ఏ కాలపు ఫిరంగి చేయాలన్నదానిపై రెండు వారాలు చర్చ నడిచింది. గద్వాలకు దగ్గరలోనే రాయచూరు ఉన్నది కాబట్టి 1520 నాటి రాయచూరు యుద్ధాన్ని తీసుకుందామని కొందరన్నారు. అక్కడ శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించి అతని ఫిరంగులను పట్టుకున్నాడు. నేను 1790లనే పట్టుబట్టాను. ఫ్రెంచి సేనాని రేమాన్ నిజాం కొలువులో ఉండి 1786లో హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు. మన బస్సులు ఇప్పటికీ పోయే గన్‌ఫౌండ్రీకి ఆ పేరు దానివల్లనే వచ్చింది, ఉర్దూలో దాన్ని తోప్ కా సాంచా అంటారు. అతని దళం 1795లో మరాఠాలతో ఖర్డా యుద్ధంలో పాల్గొన్నది. 1798 మార్చిలో అతడు చనిపోగా, ఆ అక్టోబరులోనే ఆంగ్లేయులు ఆ దళాన్ని నిరాయుధం చేశారు. ఆ కాలపు యూరోపియన్ పద్ధతి ఫిరంగి కసరత్తు ఒక్కొక్క కదలికగా రాసిపెట్టి ఉన్నది; జనానికి చూపవలసినది ఆ కదలికల వరుసేనని నా నమ్మకం.

పరిమాణం లెక్క ఇలా వచ్చింది. మూడు పౌండ్లంటే 1.36 కిలోలు. పోత ఇనుము ఘన సెంటీమీటరుకు 7.2 గ్రాములు తూగుతుంది కాబట్టి గుండు ఘనపరిమాణం 189 ఘన సెం.మీ., వ్యాసం 71 మి.మీ. అవుతుంది. గొట్టం లోపలి వ్యాసం దానికంటె 3 మి.మీ. ఎక్కువగా, 74 ఉండాలి. గరుకు గుండు, మసి పట్టిన గొట్టం ఉన్న రోజుల్లో ఆ సందు లేకపోతే గుండు లోపలికి దిగేది కాదు. బయటి కొలతలు మేము 1220 మి.మీ. పొడవు, మూతి దగ్గర 150, మూసి ఉండే వెనక చివర, అంటే అడుగున 220 వ్యాసంగా నిర్ణయించుకున్నాము. ఇదే ఆకారాన్ని కంచుతో పోస్తే దాదాపు 250 కిలోలు తూగుతుంది.

ఇప్పటివరకు: ఖర్చు 1,850 (గీతలు, అట్ట నమూనా); పని 46 గంటలు.

దశ 2: గొట్టం (ఆగస్టు నుంచి అక్టోబరు)

మొదటి గొట్టం వేప దుంగతో చేశాము. కొట్టి మూడు వారాలైనా కాని పచ్చి దుంగను లేతుపై తిప్పించి, నునుపు చేసి, నీడలో పెట్టాము. పందొమ్మిదో రోజుకు మూతి నుంచి అడుగు దాకా 11 మి.మీ. వెడల్పున నెర్రె విచ్చింది. చెక్క ఆరేటప్పుడు వార్షిక వలయాల వెంట కుంచించుకుపోయేది కేంద్రం నుంచి బయటికి కుంచించుకుపోయేదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. నడుమ చేవ ఉన్న నిండు దుంగ ఆ తేడాను పగలకుండా ఓర్చుకోలేదు. నడుమ తొలిచి ఆరబెట్టి ఉంటే బతికేదేమో కాని, రెండో దుంగ మీద డబ్బు పెట్టడానికి బృందం ఒప్పుకోలేదు. దుంగకు 3,200, లేతుకు 2,500 పోయాయి.

రెండో గొట్టం ఇలా చేశాము:

1. 75 మి.మీ. పి.వి.సి. పైపును నడుమ ఉంచాము. లోపల కొలిస్తే 70.5 వచ్చింది, 74 లోపలి వ్యాసమున్న పైపు బజారులో దొరకదు. అందుకని గుండును 67 మి.మీ. చెక్కతో చేయించాము.
2. 12 మి.మీ. ప్లైవుడ్‌తో పది వలయాలు కోసి, పైపు పొడవునా 120 మి.మీ. ఎడంగా అమర్చాము.
3. వలయాల మధ్య థర్మోకోల్ నింపి, వలయాల అంచులకు సమంగా రుద్దాము.
4. పైన ఫైబర్ గ్లాస్ చాప మూడు పొరలు రెసిన్‌తో పరిచాము. మందం 5 మి.మీ. వచ్చింది.

మూడో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య ఒక పొరపాటు జరిగింది. మొదటి రోజు కిలో రెసిన్‌ను ఒకేసారి ప్లాస్టిక్ డబ్బాలో పోసి, హార్డనర్ 2 శాతం కలిపాము. ఒక్క పొర సగం పూర్తికాక ముందే డబ్బా చెయ్యి పట్టలేనంత వేడెక్కి, పొగలు చిమ్మి, గట్టి రాయిగా మారింది. ఎక్కువ మొత్తం ఒకచోట ఉంటే దానిలోని వేడి బయటికి పోలేక ఇంకా తొందరగా బిగుసుకుంటుంది. మరుసటి రోజు నుంచి 250 గ్రాముల చొప్పున, వెడల్పాటి పళ్లెంలో, హార్డనర్ 1 శాతంతో, పొద్దున ఎనిమిది లోపలే కలిపాము. రెసిన్ నేరుగా థర్మోకోల్‌ను తింటుందని కూడా ఆ రోజే తెలిసింది. చాప పరిచే ముందు దానిపై రెండు పూతలు గోడల డిస్టెంపరు వేయాలి.

గొట్టాన్ని బండిపై మోసే రెండు పక్క కడ్డీలను అడుగు నుంచి మొత్తం పొడవులో ఏడింట మూడు వంతుల దూరంలో, అంటే 523 మి.మీ. దగ్గర బిగించాము. ఇది పాత లెక్కే. కాని బిగించి చూస్తే మూతి నేలవైపు వాలింది. అసలు ఫిరంగిలో అడుగు బరువుగా ఉండి, దాని కింద ఎత్తు సరిచేయడానికి పెట్టే చెక్క ఆప్పుపై కూర్చోవాలి. మా తప్పు ఎక్కడున్నదో పట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. నిండు కంచు గొట్టానికి గురుత్వ కేంద్రం అడుగు నుంచి 511 మి.మీ. దగ్గర పడుతుంది, అంటే కడ్డీలకు 12 వెనక. బరువంతా పైపొరలోనే ఉన్న మా బోలు గొట్టానికి అది 571 దగ్గర, కడ్డీలకు 48 ముందు పడింది. ఆకారం ఒకటే అయినా తూకం తలకిందులైంది. అడుగు చివర నుంచి 100 మి.మీ. లోపల ముందు 5 కిలోల ఇనుప ముక్కలు పెట్టాము. అడుగు ఆప్పును నొక్కే బరువు స్ప్రింగ్ కాటాపై 1.9 కిలోలే చూపింది, దట్టించే కర్ర తగలగానే మూతి ఊగింది. దాన్ని 15 కిలోలకు పెంచితే 10 కిలోలు చూపి నిలకడగా కూర్చున్నది. బోలు నమూనా చేసే ఎవరైనా ఈ లెక్క ముందే వేసుకోవాలి.

గొట్టం బరువు: బోలుగా 23 కిలోలు, ఇనుముతో 38.

ఇప్పటివరకు: ఖర్చు 19,650 (ఈ దశలో 17,800, అందులో వృథా 5,700), పని 164 గంటలు.

దశ 3: చక్రాలు, బండి (నవంబరు, డిసెంబరు)

చక్రాలను మాత్రం మేము చేయలేదు. నల్లగొండకు దగ్గరి పల్లెలో ఎడ్లబండ్లు చేసే పెద్ద వడ్రంగి ఒకాయన, ట్రాక్టర్లు వచ్చాక ఆ పని తగ్గి తలుపులు చేసుకుంటున్నాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "బరువెంత మోస్తది?" అని. మేము 214 కిలోలని చెప్పగా, బస్తాల బండికి చేసే ఆకుల్లో సగం లావు చాలునన్నాడు. కాని కనపడేది నిజమైన దాని లావే ఉండాలని మేము కోరాము. నడుమ కుండ, పన్నెండు ఆకులు, అంచున ఆరు పూటీలు, అన్నీ నల్లతుమ్మ. చక్రం వ్యాసం 1100 మి.మీ., ఒక్కొక్కటి 40 కిలోలు. ఇరుసు, వెనక నేలపై ఆనే తోక దూలం కలిపి 96 కిలోలు, దూలం టేకుది.

ఇనుప పట్టా ఎక్కించడంలో నేను మాట వినలేదు. చెక్క చక్రం చుట్టుకొలత 3456 మి.మీ. వచ్చింది. పట్టా బిగువుగా ఉండాలని దాన్ని 30 మి.మీ. తక్కువగా, 3426కు వెల్డింగు చేయించాను. కమ్మరి ఒద్దన్నాడు. పిడకల మంటలో కాల్చి పట్టకారులతో తెచ్చి పెట్టితే పట్టా ఎక్కలేదు. సుత్తితో కొట్టేకొద్దీ పూటీ అంచు కాలి నల్లబడింది. ఇనుము ఒక్క డిగ్రీకి మీటరులో లక్షకు 1.2 వంతుల చొప్పున పెరుగుతుంది కాబట్టి 500 డిగ్రీల వేడికి ఆ పట్టా 20.6 మి.మీ. మాత్రమే సాగగలదు, నేను అడిగింది 30. కమ్మరి లెక్క వేయకుండానే వేలితో చూపిన సందు 14 మి.మీ. రెండో పట్టాను 3442కు చేయిస్తే 6 మి.మీ. వెసులుబాటుతో ఎక్కింది, నీళ్లు పోయగానే ఆకులన్నీ టకటకమంటూ కుండలో కూర్చున్నాయి. పాత పట్టా ఖర్చు 900.

ఫిరంగిని నేలపై లాగడానికి ఎంత బలం కావాలో తాడుకు వేలాడే కాటా కట్టి కొలిచాము:

1. సిమెంటు నేలపై 9 కిలోలు.
2. ఎండిన చల్క నేలపై 22.
3. వాన పడ్డ నల్లరేగడిపై 58. చక్రం 70 మి.మీ. దిగబడింది.

గొట్టం నిజంగా కంచుదైతే ఈ అంకెలన్నీ దాదాపు రెట్టింపు అవుతాయి, దానికి మందు, గుండ్ల బండ్లు అదనం. దక్కనులో ఫిరంగులను ఎడ్లు ఎందుకు లాగాయో, వానకాలం దండయాత్రలు ఎందుకు ఆగిపోయేవో ఈ మూడో అంకె చూపుతుంది. ప్రతి ప్రదర్శనలో ఈ అంకెను నేను తప్పకుండా చెబుతాను.

ఇప్పటివరకు: ఖర్చు 67,950 (ఈ దశలో 48,300), పని 304 గంటలు.

దశ 4: కసరత్తు (డిసెంబరు, జనవరి)

సైనికుల యూనిఫాం వేయకూడదని, ఫిరంగి వెంట తాళ్లు లాగి, కర్రలు మోసిన ఖలాసీల్లా చేనేత నూలు అంగీ, దోవతి కట్టుకోవాలని నిర్ణయించాము. వారి శ్రమను గురించి మాట్లాడేవారు తక్కువ. బట్టలకు, కర్రలకు, గొర్రెతోలు కుచ్చుకు, బకెట్లకు కలిపి 11,450 అయింది.

అయిదుగురు చేసే వరుస ఇది:

1. మెలి ముల్లున్న కర్రను తిప్పి, గొట్టంలో మిగిలిన గుడ్డ పేలికలను బయటికి లాగాలి.
2. తడి గొర్రెతోలు కుచ్చుతో అడుగు దాకా తుడవాలి. ఆ సమయమంతా మరొకరు తోలు తొడిగిన బొటనవేలితో పై రంధ్రాన్ని మూసి ఉంచాలి.
3. మందుకు బదులు రంపపు పొట్టు నింపిన గుడ్డ సంచిని మూతిలో పెట్టాలి.
4. దట్టించే కర్రతో దాన్ని అడుగుకు చేర్చాలి. రంధ్రం ఇంకా మూసే ఉండాలి.
5. గుండు పెట్టి మళ్లీ దట్టించాలి.
6. ఆప్పు జరిపి ఎత్తును, తోక దూలం జరిపి దిశను సరిచేయాలి.
7. అందరూ చక్రాల బయటికి జరగాలి. నాయకుడు ముందువైపు చూసి చెయ్యి ఎత్తాలి.
8. వెలిగించని వత్తి తాడును రంధ్రానికి తాకించాలి.

రెండో మెట్టులో వేలు ఎందుకో చూసేవారికి అర్థం కాదు కాబట్టి ఆపి చెప్పాలి. అసలు ఫిరంగిలో గత గుండు తాలూకు నిప్పు రవ్వ లోపల ఉంటే, తుడిచేటప్పుడూ దట్టించేటప్పుడూ రంధ్రం గుండా గాలి ఆడి అది రగులుతుంది, కొత్త సంచి మనిషి చేతుల్లోనే అంటుకుంటుంది. దట్టించే కర్రను పట్టేటప్పుడు బొటనవేలిని కర్ర చుట్టూ తిప్పకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచడం కూడా ఇందుకే. ప్రమాదం జరిగితే కర్ర జారిపోతుంది, వేలు మిగులుతుంది. మా దగ్గర మందు లేకపోయినా ఈ రెండు నియమాలను ఒక్కసారి తప్పినా వరుసను ఆపి మొదటి నుంచి మొదలుపెట్టాము. మొదటి వారం ఒక వరుసకు సగటున 94 సెకన్లు పట్టింది, నాలుగో వారానికి 71కి వచ్చింది. శిక్షణ పొందినవారు నిమిషానికి రెండు గుండ్లు పేల్చేవారు. మేము ఆ వేగాన్ని లక్ష్యంగా పెట్టుకోలేదు, ఎందుకంటే వేగం పెరిగిన రోజే ఏడో మెట్టును దాటవేయడం చూశాను.

ఇప్పటివరకు: ఖర్చు 79,400, పని 400 గంటలు.

దశ 5: ప్రదర్శనలు (జనవరి 26 నుంచి నవంబరు 25)

ప్రదర్శన 1, నల్లగొండ, జనవరి 26, పాఠశాల మైదానం. ప్రేక్షకులు 310. పొగ కోసం పెళ్లిళ్లలో వాడే పొగ మిషనును 3,000కు అద్దెకు తెచ్చాము. ఆరుబయట గాలికి పొగ మూతి నుంచి ఒక్క అడుగు దూరమైనా పోకముందే వెనక్కి తిరిగి మా ముఖాలను కప్పింది, చప్పుడేమో అసలు లేదు. పిల్లలు ఎనిమిదో మెట్టు తర్వాత కూడా ఏదో జరుగుతుందని ఎదురుచూస్తూనే ఉన్నారు. మేము చెప్పదలచినదంతా ఆ ఎదురుచూపులో కొట్టుకుపోయింది.

ప్రదర్శన 2, మిర్యాలగూడ, మార్చి. ప్రేక్షకులు 420, మొత్తం 730. ధ్వనిపెట్టెలో రికార్డు చేసిన పేలుడు శబ్దం పెట్టాము. అది దీపావళి బాంబులాగా వినపడింది. ప్రదర్శన అయ్యాక జనం తోక దూలంపైకి ఎక్కి ఫొటోలు దిగారు. తిరుగు ప్రయాణానికి ఫిరంగిని నెట్టగానే కుడి చక్రం ఇరుసు నుంచి జారిపోయింది. శీల ఎవరో పీకి తీసుకుపోయారు. ఎవరికీ దెబ్బ తగలకపోవడం మా అదృష్టం. అప్పటి నుంచి నాలుగు శీలలు అదనంగా ఉంచుకున్నాము, కదిలించే ముందు ఇద్దరు విడివిడిగా చూసి పైకి చెబుతారు, చుట్టూ 15 మీటర్ల తాడు కడతాము. తాళ్లకూ గుంజలకూ 2,150.

ప్రదర్శన 3, దేవరకొండ, ఏప్రిల్ 18, ప్రపంచ వారసత్వ దినం. ప్రేక్షకులు 150, మొత్తం 880. కోట లోపలికి తీసుకుపోవడానికి అనుమతి కోరిన ఉత్తరానికి సంబంధిత కార్యాలయం నుంచి ఏడు వారాలైనా జవాబు రాలేదు. కోట కింద ఊరి మైదానంలోనే పెట్టుకున్నాము. అనుమతి అడిగేవారు మూడు నెలల ముందే అడగాలి.

ఆ రోజు రెండు చెడిపోయాయి. మొదటిది గుడ్డ సంచి. తుడిచే కుచ్చు నుంచి కారిన నీటికి రంపపు పొట్టు ఉబ్బి, సంచి 70.5 మి.మీ. గొట్టంలో గట్టిగా ఇరుక్కున్నది. మెలి ముల్లుతో బయటికి లాగడానికి 22 నిమిషాలు పట్టింది, జనం సగం మంది వెళ్లిపోయారు. తర్వాత సంచులకు మైనం పట్టించి, కుచ్చును రెండుసార్లు పిండాకే లోపలికి పంపుతున్నాము, మళ్లీ ఇరుక్కోలేదు.

రెండోది చక్రం. మైదానంలో తిప్పుతుండగా ఎడమ చక్రం గలగలమన్నది. పట్టాకూ పూటీకీ మధ్య 4 మి.మీ. సందు, మూడు ఆకులు చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. మార్చి నుంచి ఫిరంగి రేకుల షెడ్డులో ఉన్నది. వడ్రంగి పెద్దాయనను పిలిపిస్తే కొంచెం కోపంగానే, "ఎండకాలం చక్రానికి దూప అయితది బిడ్డా, నీళ్లు తాపకుంటే పట్టా ఊడిపోతది," అన్నాడు. బండ్లున్న రోజుల్లో ప్రతి రైతుకూ ఇది తెలుసు; బండిని కుంటలోకి దింపి చక్రాలు నానబెట్టేవారు. మేము రెండు చక్రాలనూ ఊడదీసి ఒక రాత్రి, ఒక పగలు నీటి తొట్టిలో తిప్పుతూ నానబెట్టాము. సందు 4 నుంచి ఒకటిన్నరకు, రెండో రోజుకు సున్నాకు వచ్చింది. తర్వాత చెక్కకు అవిసె నూనె మూడు పూతలు వేసి, షెడ్డు మార్చి, మే నెలంతా తడి గోనెసంచులు కప్పాము. ఎండ 44 డిగ్రీల దాకా పోయిన రోజుల్లో కూడా సందు 1 మి.మీ. మించలేదు. వారానికి ఒకసారి కొలిచి పలకపై రాసిపెట్టాము.

ప్రదర్శన 4, నల్లగొండ, జూన్ 2. ప్రేక్షకులు 260, మొత్తం 1,140. ఇక్కడ రెండు మార్పులు చేశాము, మొత్తం ఏడాదిలో నేను ఎక్కువగా విలువిచ్చేవి ఇవే.

ఒకటి, చప్పుడు కోసం ఒగ్గు కళాకారుణ్ణి పిలిచాము. వత్తి తాకగానే డోలుపై ఒకే ఒక్క నిండు దెబ్బ. రికార్డు శబ్దానికి లేని బరువు దానికి ఉన్నది; రొమ్ములో తగులుతుంది. పేలుడును అనుకరిస్తున్నామన్న భ్రమ పోయి, ఇది మన మైదానంలో మన వాద్యంతో చెబుతున్న కథ అని జనానికి వెంటనే తెలిసిపోతుంది.

రెండు, వరుసకు తొమ్మిదో మెట్టు చేర్చాము. నిజమైన ఫిరంగి పేలినప్పుడల్లా వెనక్కి తన్నుతుంది. ప్రతి గుండుకూ దాన్ని తిరిగి మొదటి చోటికి నెట్టుకురావాలి. మూడు ప్రదర్శనల్లో మా ఫిరంగి పేలినట్టు చూపి కదలకుండా నిలబడింది, అది అబద్ధం. ఇప్పుడు డోలు దెబ్బకు ఇద్దరు తాళ్లతో 1.2 మీటర్లు వెనక్కి లాగుతారు, తర్వాత అయిదుగురూ ముందుకు నెడతారు. ఒక వరుస సమయం 71 నుంచి 84 సెకన్లకు పెరిగింది. మూడు వరుసలకే మా చొక్కాలు తడిసిపోయాయి, ఖలాసీల పని ఏమిటో ఎవరూ మాటల్లో చెప్పనవసరం లేకపోయింది.

ప్రదర్శన 5, దేవరకొండ దగ్గరి తండా పాఠశాల, ఆగస్టు. ప్రేక్షకులు 85, మొత్తం 1,225. ముందు రోజు వాన. ట్రాలీ ఆటో నుంచి దింపే పలక 214 కిలోలకు విరిగింది. ఇకపై గొట్టాన్ని ముందు విడదీసి ఇద్దరు మోస్తారు, తర్వాతే బండిని దింపుతాము. బురదలో తొమ్మిదో మెట్టు చేయలేకపోయి, దాన్నే పాఠంగా మార్చి పదిమంది పిల్లలను తాళ్లు పట్టమన్నాము. కాటా 55 చూపింది. పిల్లల వెనక నిలబడిన ముసలాయన ఒకరు ముందుకు వచ్చి, "మా తాతల తాతలు ఎడ్ల మీద దండులకు గింజలు మోసిండ్రట సారూ," అన్నాడు. మొగలుల దక్కను దండయాత్రల నుంచి సైన్యాలకు ధాన్యం చేరవేసింది బంజారాల ఎడ్ల బిడారులే. మా వ్యాఖ్యానంలో అప్పటిదాకా ఈ మాట లేదు. ఆ రాత్రే చేర్చాము, తండాలో కాకపోయినా ప్రతిచోటా చెబుతున్నాము.

ప్రదర్శన 6, మహబూబ్‌నగర్, సెప్టెంబరు 27. ప్రేక్షకులు 540, మొత్తం 1,765. తోక దూలాన్ని జరపడానికి మేము గడ్డపారలను పైకెత్తుతూ ఉంటే, ఒకప్పుడు బండరాళ్లు కదిలించే పనికి దూరదేశాలు పోయి వచ్చిన కూలీ ఒకాయన తాడు దాటి వచ్చి మా పద్ధతి తప్పని చూపాడు. గడ్డపారను ఎత్తకూడదు, దాని కింద చిన్న రాయి పెట్టి నొక్కాలి, ఇద్దరూ ఒకే ఊపులో నొక్కాలి. "జోర్ లగాకే, హైసా" అని పలికించి, "హైసా" దగ్గర మాత్రమే బలం పెట్టించాడు. ఆరో మెట్టుకు 19 సెకన్లు పట్టేది, ఆ మధ్యాహ్నానికే 11కు తగ్గింది. మొత్తం వరుస 76 సెకన్లు. పాలమూరు కూలీ చేతుల్లో ఉన్న ఈ విద్య పాత కసరత్తులోని గడ్డపార పనిని గుర్తుచేస్తుంది.

ప్రదర్శన 7, గద్వాల, నవంబరు 14. ప్రేక్షకులు 380, మొత్తం 2,145. చెప్పుకోదగ్గ లోపం లేదు. గద్వాల కోటలోని పెద్ద ఫిరంగిని ఆ సంస్థానాన్ని ఏలిన సోమనాద్రి కర్నూలు నుంచి తెచ్చాడని ఆ ఊరి పిల్లలు చెప్పుకుంటారు. దాని పక్కన మాది బొమ్మలా ఉందని ఒకడన్నాడు. కోటపై కదలకుండా ఉండే ఫిరంగికీ, మనుషులతో పాటు నడిచే ఫిరంగికీ తేడా చెప్పడానికి అది మంచి అవకాశమైంది.

ప్రదర్శన 8, పానగల్, నవంబరు నాలుగో వారం, ప్రపంచ వారసత్వ వారోత్సవాల్లో. ప్రేక్షకులు 295, మొత్తం 2,440. ప్రదర్శన తర్వాత దూరాన్ని కొలిచే పాఠం పెట్టాము. మెరుపు కనపడిన తర్వాత చప్పుడు వినపడే దాకా లెక్కించి ఎదుటి ఫిరంగి దూరాన్ని అంచనా వేయవచ్చు. డోలు కళాకారుణ్ణి మైదానం అవతలి చివర 174 మీటర్ల దూరంలో నిలబెట్టాము. మొదట పక్కన జెండా ఊపే మనిషిని పెట్టితే, జెండా చూసి డోలు కొట్టడంలో ఆలస్యం కలిసి పిల్లల లెక్కలు 240 మీటర్ల దాకా పోయాయి. జెండా తీసేసి, డోలు కర్రకే ఎర్రగుడ్డ కట్టి, తల పైనుంచి కొట్టమన్నాము. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు పదిసార్లు కొలిచి సగటు 0.52 సెకన్లు తెచ్చింది. ఆ రోజు గాలి 28 డిగ్రీలు, ధ్వని వేగం సెకనుకు 348 మీటర్లు. లెక్క 181 మీటర్లు. టేపుతో ఆమే వెళ్లి కొలిచి, ఏడు మీటర్ల తేడా తన వేలి ఆలస్యమేనని ఆమే చెప్పింది.

ఈ దశ ఖర్చు: రవాణా 17,600, డోలు 9,000, పొగ మిషను 3,000, తాళ్లు 2,150, మొత్తం 31,750. విరిగిన పలక, శీలలు, రంగు, నూనె కలిపి మరమ్మతులు 4,600.

ఏడాది చివరికి: ఖర్చు 1,15,750, పని 612 గంటలు, ప్రదర్శనలు 8, ప్రేక్షకులు 2,440.

డిసెంబరులో చేయవలసినవి

1. మూతి అంచున ఫైబర్ పొర 40 మి.మీ. పొడవున లేచింది, దట్టించే కర్ర తగిలిన చోటే. అక్కడ రాగి రేకు వలయం వేయాలి.
2. ఎడమ చక్రంలో ఏడో ఆకు ఇప్పటికీ చేతికి కదులుతుంది. వడ్రంగి పెద్దాయన ఆ ఒక్కటీ మార్చాలన్నాడు. నల్లతుమ్మ ముక్క ఆయన వాకిట్లో నీడన ఆరుతున్నది, సంక్రాంతి దాకా ముట్టవద్దన్నాడు.
3. తర్వాతి ప్రదర్శన జనవరి 26. అది కొత్త ఆకు ఎక్కాకే. ఎక్కకపోతే ఆ రోజు ఫిరంగిని కదిలించము, తొమ్మిదో మెట్టు లేకుండా చూపించము. గొట్టాన్ని బల్లపై పెట్టి కొలతల పాఠం మాత్రమే చెబుతాము.